నారకి రెండో కొస

మల్లెమొగ్గ ఎప్పుడు కొయ్యాలో యాభై ఏడో ఏడు వచ్చేదాకా నాకు తెలియదు. తెనాలిలో మా ఇంటి వెనక, కుళాయి పక్కన ఒక బొండుమల్లె పొద ఉంది. మా ఆవిడది కర్లపాలెం. పెళ్ళయిన కొత్తలో అక్కడి ఇసకనేల నుంచి ఒక అంటు తెచ్చి మా నల్లమట్టిలో నాటింది. బతకదన్నాను. బతికింది. ఇరవై తొమ్మిది ఎండాకాలాలుగా ఆ పొద పూస్తోంది, ఆవిడ కడుతోంది, నేను పేపరు చదువుకుంటున్నాను.

సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆవిడ వసారాలో గోడకి ఆనుకుని కూర్చుని, ఒళ్ళో తడిగుడ్డ మీద మొగ్గలు పోసుకుని, అరటినారతో మాల కడుతూ ఉండేది. చేతుల వంక చూసేది కాదు. వీధిలో వెళ్ళేవాళ్ళని పలకరిస్తూ, నామీద విసుక్కుంటూ, పొయ్యి మీద పప్పు పొంగుతోందేమోనని ఒక చెవి అటు పెట్టి కట్టేసేది. అయ్యాక ఒక విడిమొగ్గ తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టేది. 'ఎలా ఉంది?' అనేది. పేపర్లోంచి తల ఎత్తకుండా 'ఆఁ, బాగుంది' అనేవాణ్ణి. ఒక్కసారైనా వాసన చూసి అన్నానా అంటే, చెప్పలేను.

ఎండల్లో మల్లె పుయ్యాలంటే మాఘంలోనే పొదకి ఆకు దుయ్యాలి. ఉన్న ఆకంతా దూసేసి కొమ్మలు కత్తిరిస్తేనే కొత్త చిగురు వచ్చి మొగ్గ కడుతుంది. పోయిన ఏడాది మాఘంలో కూడా ఆవిడే దూసింది. వారం తిరక్కుండా ఒక పొద్దున ఆవిడ కుడిచేతిలోంచి కాఫీగ్లాసు జారింది. వంగి తియ్యబోయి, తనూ పడింది.

వేళకి తీసుకొచ్చారన్నారు డాక్టరుగారు. నెల తిరిగేసరికి ఆవిడ కాలు కాస్త ఈడుస్తూ నడిచింది. మాట ముద్దముద్దగానైనా తిరిగి వచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. మణికట్టు దగ్గర వంగి, వేళ్ళు లోపలికి ముడుచుకుని, ఎవరో తెచ్చి ఒళ్ళో పెట్టిన వస్తువులాగా ఉండేది. 'ఆ చెయ్యి మళ్ళీ మొదట్నించీ నేర్చుకోవాలి. వాడిస్తూ ఉండండి. వాడడం మానేస్తే ఇంక అలాగే ఉండిపోతుంది' అని చెప్పి, పిసుక్కోవడానికి ఒక ఎర్ర రబ్బరు బంతి ఇచ్చారు. ఇంటికొచ్చిన మూడో రోజే ఆ బంతి మంచం కింద గోడ దాకా దొర్లిపోయింది. నేను పాక్కుంటూ వెళ్ళి తెచ్చాను. మళ్ళీ దొర్లించింది.

'బంతాటాడుకోడానికి నేనేమన్నా చంటిపిల్లనా?' అంది.

నాకు కోపం తొందరగా వస్తుంది. రెండు మూడుసార్లు అరిచాను కూడా. అరిచినప్పుడల్లా ఆవిడ ఎడంచేత్తో కుడిచేతిని తీసుకుని కొంగు కింద దాచుకునేది.

ఫాల్గుణంలో బాపట్లలో ఒక పెళ్ళికి వెళ్ళాం. పెళ్ళికూతురు మా ఆవిడకి వరసకి మేనకోడలు, చిన్నప్పుడు ఎత్తుకు పెంచిన పిల్ల. ఆవిడ రానంది. నేనే బలవంతపెట్టి, పట్టుచీర కట్టించి తీసుకెళ్ళాను. మండపం గుమ్మంలో పెళ్ళికూతురి చెల్లెలు పళ్ళెం పట్టుకుని నిలబడి, వచ్చిన ఆడవాళ్ళందరికీ పన్నీరు చల్లి పూలదండ అందిస్తోంది. మా ఆవిడని చూసి 'అత్తా!' అని ఎగిరినంత పనిచేసి, మల్లెదండ తీసి చాపింది.

మా ఆవిడ కుడిచెయ్యి కదల్లేదు. ఎడంచెయ్యి సగం దాకా లేచి, అక్కడే ఆగి, కిందికి దిగిపోయింది. వెనక జనం. ఆ పిల్ల దండ పట్టుకుని అలాగే నిలబడింది, తన తప్పేమో అన్నట్టు నావైపు చూసింది. నేను ఏం చెయ్యాలో అది చెయ్యకుండా, ఏం చెయ్యకూడదో అది చేశాను. ఆ దండ లాక్కుని, అంతమంది ముందూ మా ఆవిడ తల వంచి, చేతికి దొరికిన పిన్నుతో జడలో గుచ్చబోయాను. పిన్ను జారింది. దండ వీపు మీంచి నేలమీద పడింది. ఎవరో 'అయ్యో పాపం' అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు బాపట్ల నుంచి తెనాలి దాకా రైల్లో ఆవిడ కిటికీ వైపే చూసింది. చివరికి నేనే అన్నాను. 'ఎడంచేత్తో తీసుకుంటే ఏంటి? కొంపలేం మునిగిపోవుగా?'

'పూలండీ అవి' అంది. 'పూలు ఎడంచేత్తో ఎలా తీసుకుంటానండీ?' మళ్ళీ కిటికీ వైపు తిరిగి, 'ఇంక నన్నెక్కడికీ తీసుకెళ్ళద్దు' అంది.

ఆ మాట మీదే నిలబడింది. గుడికి రానంది, పక్కింటి నోముకి రానంది. మార్కెట్లో మూర పూలు కొని తెస్తే దేవుడి పటానికి వెయ్యమనేది. తలలో పెడతానంటే జరిగిపోయేది. పగలు తోడుగా పెట్టిన ఆయమ్మ, అమ్మగారు రోజంతా మంచం దిగటంలేదని సాయంత్రం గుమ్మంలోనే నాకు చెప్పేది. నేను పైకి ధైర్యంగానే ఉన్నాను గానీ, లోపల చాలా భయపడ్డాను. చెయ్యి రాకపోతే పోయింది, మనిషే రాకుండా పోతుందేమోనని.

చైత్రంలో ఒక పొద్దున పాలప్యాకెట్టు కడుగుదామని కుళాయి దగ్గరికి వెళితే, పొద నిండా మొగ్గలు. రెండు నెలలుగా నేను ఆ పొద వైపు చూడలేదు, చెంబుడు నీళ్ళు పొయ్యలేదు. కుళాయి కారిన నీళ్ళతోనే చిగిర్చి మొగ్గ తొడిగింది. ఆవిడ కుడిచెయ్యి చివరగా బాగా చేసిన పని ఆ ఆకు దుయ్యడం. అది గుర్తొచ్చింది. వీటిని ఊరికే రాలిపోనిస్తే అంతకన్నా పాపం లేదనిపించింది. అందిన మొగ్గలన్నీ కోశాను. ఏం చెయ్యాలో తెలియక ఖాళీ టిఫిన్ గిన్నెలో పోసుకుని, రేపల్లె ప్యాసింజరు ఎక్కాను.

నా ఉద్యోగం రేపల్లెలో, ఒక ప్రభుత్వ కార్యాలయంలో. పొద్దున వెళ్ళి సాయంత్రం రావడమే. మా పెట్టెలోనే రోజూ ఒక పూలావిడ ఎక్కేది. తెనాలి మార్కెట్లో విడిపూలు తీసుకుని, రేపల్లె చేరేలోగా దారిలోనే మాలలు కట్టేసి, అక్కడ అమ్ముకుంటుంది. బుట్ట మీది తడిగోనె తీసిందంటే పెట్టె అంతా మల్లెల వాసనే. ఏళ్ళ తరబడి ఆవిడ ఎదురు సీట్లో కూర్చున్నాను గానీ, ఆ బుట్ట కాలికి అడ్డం అని విసుక్కోవడం తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజు టిఫిన్ గిన్నె మూత తీసి ఆవిడ ముందు పెట్టాను.

'అమ్మా, ఇవి కట్టడం నేర్పుతారా?'

ఆవిడ గిన్నెలోకి చూసి, నా మొహంలోకి చూసి, పకపకా నవ్వింది. 'ఏంటి అన్నయ్యగారూ, పచ్చిమొగ్గలన్నీ దూసుకొచ్చారు? ఇయ్యి పూస్తయ్యనుకున్నారా?'

అప్పుడు చెప్పింది. సాయంత్రానికి విచ్చుకునే మొగ్గ పొద్దున్నే తెల్లగా, నిండుగా, కొన దగ్గర కాస్త వదులుగా ఉంటుంది. పచ్చగా బిగిసి ఉన్నది రేపటిదీ ఎల్లుండిదీ. దాన్ని ఇవాళే కోస్తే ఇంక ఎప్పటికీ పుయ్యదు. 'తొందరపడి కోసేస్తే అటూ ఇటూ కాకుండా పోద్దండీ, ఆగాలి' అంది. నా గిన్నెలో ఆ రోజు పూసేవి పదో పన్నెండో. మిగతావన్నీ నేను చంపేసినట్టే లెక్క.

మర్నాటి నుంచి తెల్లటివి మాత్రమే ఏరి కోసుకొచ్చాను. ఆవిడ తన నారలోంచి ఒక పోగు చీల్చి ఇచ్చింది. ఇటు రెండు మొగ్గలు, అటు రెండు, కాడలు ఒకదాని మీద ఒకటి పెట్టి, నార ఒక చుట్టు తిప్పి, వేలితో ఉచ్చు తీసి, లాగాలి. చూస్తే అంతే. నేను లాగితే మొగ్గల మెడలు తెగేవి. మెల్లగా లాగితే జారిపోయేవి. వేమూరు దాటేసరికి నా ఒళ్ళో మొండికాడలు, కాళ్ళ దగ్గర తెగిన మొగ్గలు. రోజూ కలిసి ప్రయాణించేవాళ్ళంతా వేళాకోళం మొదలుపెట్టారు. 'సారు రిటైరయ్యాక పూలకొట్టు పెడతారట' అని ఒకరు, 'సార్, మా ఆవిడకో మూర' అని ఇంకొకరు. ఇంకెవరైనా అయితే కయ్యిమనేవాణ్ణే. కానీ రెండు చేతులూ నారలో చిక్కుకున్నవాడు ఎవరి మీద లేస్తాడు?

పూలావిడ వేళ్ళు మాత్రం మంత్రం వేసినట్టు ఆడేవి. ఎక్కడ నేర్చుకున్నారమ్మా అంటే, 'మాది చీరాల వైపండీ, మగ్గాలోళ్ళం. తెగిన పోగు అతకటం చిన్నప్పట్నుంచీ అలవాటు. పోగు తెగితే కోప్పడకూడదండీ, కొస వెతుక్కోవాలి' అంది. ఇంటి దగ్గర మనిషికి చెయ్యి పడిపోయిందని అప్పుడు చెప్పాను. ఆవిడ అయ్యో పాపం అనలేదు. కాసేపు కట్టుకుంటూ ఉండి, 'అయితే వదినగారి ఒంకన మీరు నేర్చుకుంటున్నారన్నమాట' అంది.

ఆ రెండు వారాల్లో నాకు ఇంకొకటి జరిగింది. నాకు ముక్కుందని తెలిసింది. సన్నజాజి వాసన పల్చగా తీయగా ఉంటుందని, మరువం వేళ్ళకి అంటితే మధ్యాహ్నం ఫైళ్ళు తిప్పేటప్పుడు కూడా పోదని, వాన పడ్డ పొద్దున మల్లె కాస్త నీరుగారుతుందని, ఎండ బాగా కాసిన మర్నాడు తల తిరిగేంత ఘాటుగా ఉంటుందని తెలిసింది. ఒక స్టేషన్లో రోజూ రెండు నిమిషాలు ఆగే చోట పొగడచెట్టు ఉందట. ముప్ఫై ఏళ్ళుగా ఆ దారిన తిరుగుతున్నాను, ఆ నెలలోనే చూశాను. దిగి నాలుగు పొగడపూలు ఏరుకుని మళ్ళీ ఎక్కేవాణ్ణి. పొద్దున లేవగానే ఇవాళ ఎన్ని మొగ్గలు తెల్లబడ్డాయో చూడాలని ఆత్రంగా ఉండేది. ఇంట్లో అంత దిగులు పెట్టుకుని ఆ ఆత్రం ఏంటా అని తప్పుగా కూడా అనిపించేది. అయినా పోలేదు, పోగొట్టుకోవాలనీ లేదు.

రెండు వారాలకి, సుమారుగా మాల అనదగింది ఒకటి తయారైంది. మొగ్గలు ఇంటికెళ్ళేదాకా విచ్చుకోకూడదని దాన్ని తడిపి, మధ్యాహ్నం తినేసిన టిఫిన్ గిన్నెలో పెట్టి మూత బిగించాను. గిన్నె కడిగాననే అనుకున్నాను.

సాయంత్రం మంచం పక్కన కూర్చుని మూత తీశాను. మల్లెలు సగం విచ్చుకున్నాయి. గుప్పున వాసన. మా ఆవిడ గోడవైపు తిరిగి ఉన్నది, ఇటు తిరిగింది. ముక్కు ఎగబీల్చింది. మళ్ళీ ఎగబీల్చింది.

'ఆవకాయ' అంది.

నేను వాసన చూశాను. నిజమే. మల్లెల కింద నుంచి శుభ్రమైన ఆవఘాటు తన్నుకొస్తోంది. ఆవిడ మూతి ఒక పక్కకి లాగేసినట్టుగా వంకరగా నవ్వింది. నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వింది. మాఘం తరవాత ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి, ఆవకాయ ఘాటని చెప్పాను.

నవ్వడం అయ్యాక ఎడంచేత్తో మాల ఎత్తి, వెలుతురుకి పట్టి చూసింది. 'ఎవరు కట్టారిది?'

'నేనే.'

'మొగ్గకీ మొగ్గకీ మధ్యలోంచి మీ రేపల్లె బండి పోద్ది' అంది.

ఆ మర్నాటి నుంచి నేను తెచ్చిన ప్రతి మాలకీ పరీక్ష. ముడి వదులు, కాడ పొడుగు, ఈ మొగ్గ వాడింది, ఇది బోర్లా పడింది. తిట్టడానికైనా మంచం దిగి వసారాలోకి వచ్చి కూర్చునేది, వెలుతురు అక్కడ బాగుంటుందని. నేను ఆ తిట్లు రైల్లో పూలావిడకి చెబితే, ఆవిడ తిరుగు సలహా చెప్పేది. ఒకళ్ళనొకళ్ళు చూడకుండానే వాళ్ళిద్దరూ కలిసి నా చేత పని చేయించారు.

ఒక ఆదివారం కోసిన మొగ్గలు ఇంట్లోనే కట్టడానికి కూర్చున్నాను. రైల్లో అయితే నార కొసని కిటికీ ఊచకి కట్టుకుంటాను, బిగువుగా ఉండాలని. వసారాలో ఊచ లేదు. కాలి బొటనవేలికి తగిలించుకుంటే జారిపోతోంది. రెండుసార్లు జారాక నాకు చిరాకెత్తి నార విసిరికొట్టాను. మా ఆవిడ ఎడంచేత్తో ఆ కొస తీసుకుని, ఒళ్ళో ఉన్న కుడిచేతి చూపుడువేలికి మెల్లగా రెండు చుట్లు చుట్టింది.

'ఊఁ, కట్టండి' అంది.

నేను కట్టాను. నేను లాగినప్పుడల్లా ఆ వేలు నావైపు వచ్చేది, వదిలితే వెనక్కి పోయేది. నొప్పిగా ఉందా అంటే మీ పని మీరు చూసుకోండి అనేది. అప్పట్నుంచి సెలవురోజుల్లో అదే ఏర్పాటు. తరవాత, మామూలు రోజుల్లో కూడా నాలుగు మొగ్గలు రైల్లో కట్టకుండా మిగిల్చి తేవడం మొదలుపెట్టాను.

వైశాఖం సగంలో ఒక సాయంత్రం అలాగే కడుతున్నాను. ముడి వేసి లాగాను. నార రాలేదు. ఎక్కడో చిక్కుకుందనుకుని మళ్ళీ లాగాను. అటునుంచి లాగారు. తల ఎత్తి చూస్తే మా ఆవిడ తన వేలి వంక చూస్తోంది. ఆ వేలు వంగి ఉంది, నారని పట్టుకుని ఉంది. 'మీరు వదులుగా లాగుతున్నారు' అంది. 'అందుకని.'

ఇంకో ముడి వేశాను. మళ్ళీ లాగింది. ఆ రోజు చీకటిపడి మొగ్గలు కనబడనిదాకా కట్టాం, మిగతావి విచ్చుకుపోయినా వదల్లేదు.

ఆ తరవాత పదిహేను రోజులకి బొటనవేలు కదిలింది. ముడి మీద ఆ వేలితో ఒత్తిపట్టి, ఎడంచేత్తో నార చుట్టి, పళ్ళతో లాగి, ఒక మాల తనే పూర్తిచేసింది. ఒక మధ్యాహ్నం మొదలుపెట్టి, సాయంత్రం నేనొచ్చేసరికి ఆఖరి ముడి దగ్గర ఉంది. దాన్ని తడిగుడ్డలో రాత్రంతా ఉంచి, పొద్దున అరిటాకు ముక్కలో చుట్టి నాకిచ్చింది.

'ఇది నాక్కాదు. మీకు నేర్పినావిడకివ్వండి. గిన్నెలో పెట్టకండి.'

రైల్లో ఆకు విప్పి ఇచ్చాను. పువ్వులు విచ్చుకుని, అంచులు కాస్త గోధుమరంగుకి తిరిగాయి. ఎవరు కట్టారో చెప్పాను. పూలావిడ చేతిలోని పని కింద పెట్టింది. మాలని ముంజేతి మీద పరిచి, మోచేతి నుంచి కొలిచింది. 'మూరకి నాలుగు వేళ్ళు తక్కువండీ' అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి. పొద్దుటి తాజా పూలు బుట్ట నిండా ఉన్న మనిషి, ఆ వాడిన దండనే తలలో పెట్టుకుంది. రేపల్లెలో దిగేముందు అదే ఆకులో ఒక కదంబం మాల పెట్టి నా చేతికిచ్చింది. కనకాంబరాలు, మల్లెలు, మధ్యమధ్య మరువం. 'పూలు తెచ్చిన ఆకు ఒట్టిగా పంపకూడదండీ. వదినగారికి నేనిచ్చానని చెప్పండి' అంది.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ వసారాలో ఉంది. ఎడంచేతిలో కాఫీగ్లాసు. నేను ఆకు విప్పి, పూలావిడ ఇచ్చిందని చెప్పి, రెండు చేతులతో ఆవిడ ముందుకి చాపాను. చాపాక గుర్తొచ్చింది, బాపట్లలో ఆ పిల్ల పళ్ళెం పట్టుకుని సరిగ్గా ఇలాగే నిలబడిందని. వెనక్కి తీసుకోలేను.

ఆవిడ ఆకు వంక చూసింది. గ్లాసు కింద పెట్టింది. ఎడంచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. కుడిచెయ్యి మోకాలి మీంచి లేచింది. కొంచెం లేచి, వణికి, ఆగింది. నేను ఒక అడుగు ముందుకు వేయబోయాను.

'రావద్దు. అక్కడే ఉండండి' అంది.

ఉన్నాను. వీధిలో ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు, అది అంటుకోవటంలేదు. ఆ చెయ్యి మళ్ళీ లేచింది. ఆకు అంచు తాకింది. వేళ్ళు పూర్తిగా విచ్చుకోలేదు, సగమే విచ్చుకున్నాయి. ఆ సగం వేళ్ళతోనే దండని పట్టుకుంది. రెండు కనకాంబరాలు రాలాయి. దండ మాత్రం రాలలేదు.

దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. తరవాత నావైపు చాపింది, వాసన చూడమని. ఈసారి చూశాను.

'ఏవండీ' అంది. 'బాపట్లలో ఆ చిన్నదానికి, పళ్ళెం పట్టుకుంది చూడండి, దానికి సంబంధాలు చూస్తున్నారన్నారుగా. ఎందాకా వచ్చిందో ఫోన్ చేసి కనుక్కోండి.'